లేని ముల్లు

సత్తయ్య చెయ్యి పడితే కాల్లో ముల్లు నిలవదని గుండ్లపోచంపల్లి చుట్టుపక్కల పేరు. తుమ్మముల్లు కానీ రేగుముల్లు కానీ, లోపల విరిగిందంటే చాలు, మనిషి కుంటుకుంటూ మధుసూదన్ రెడ్డి ద్రాక్షతోటకు దారి పట్టేవాడు. ఆ తోటకు సత్తయ్య మేస్త్రి. పంపుసెట్టు గది ముందు గట్టు మీద వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, కాలు తన తొడ మీదికి తీసుకుని, సూదిమొనతో తోలు విప్పి, చిన్న పట్టకారుతో ముల్లు లాగి, అరచేతిలో పెట్టి చూపించేవాడు. ఆ చూపించడంలోనే సగం వైద్యం ఉంది. తన ముల్లును తన కళ్ళతో చూసుకున్నవాడు లేచి మామూలుగా నడిచి వెళ్ళిపోయేవాడు.

సత్తయ్యకు ఆ పేరంటే కాస్త ఎక్కువే ప్రీతి. తప్పు పట్టడానికేమీ లేదు. భూమి పటేల్ మధుసూదన్ రెడ్డిది, బోరు పటేల్‌ది, ఉంటున్న ఇల్లు కూడా పటేల్ చూపించిన జాగాలోదే. ఇది నాది అని చెప్పుకోవడానికి అతనికి ఉన్నది ఆ చేతి పేరొక్కటే.

అలాంటివాడికి తన భార్య కాల్లో ముల్లు మాత్రం దొరకలేదు.

దుర్గాబాయి పొట్టి మనిషి. సత్తయ్య పక్కన నిలబడితే అతని భుజం దాకా కూడా రాదు. కానీ తోటలో కత్తెర పనికి ఆమెను మించినవాళ్ళు లేరు. ద్రాక్షగుత్తిలో కాయలు చిన్నగా ఉన్నప్పుడే సగానికి సగం కత్తిరించి పలచన చేయాలి. లేకపోతే ఒకదాన్నొకటి ఒత్తుకుని ఏవీ ఎదగవు. తలపైన పందిరి, పందిరికి వేలాడే గుత్తులు, గుత్తిలోకి దూరే సన్నటి కత్తెర. మెడ పైకెత్తి, మునివేళ్ళ మీద లేచి, పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా అదే పని. పీట వేసుకోవచ్చు కదా అని పట్నం వాళ్ళకు తోస్తుంది. నీళ్ళు పారిన మెత్తటి నేలలో పీట కాళ్ళు దిగబడతాయి. ఒక్కో తీగకు నలభై గుత్తులుంటే, నలభైసార్లు పీట జరుపుకుంటూ పోతే సాలు ఎప్పటికి తెగుతుంది? అందుకే ఎవరూ వేసుకోలేదు. పన్నెండు మంది ఆడవాళ్ళ గుంపుకు దుర్గాబాయి పెద్ద. ముందు సాలు ఆమెది. ఆమె ఎంత జోరుగా పోతే వెనకవాళ్ళు అంత జోరుగా పోయేవాళ్ళు.

తొంభై ఆరు చలికాలంలో ఆమెకు కుడికాలి నొప్పి మొదలైంది. మడమలో కాదు, వేళ్ళలో కాదు. వేళ్ళకు కాస్త వెనక, అరికాలు ఉబ్బెత్తుగా ఉండే చోట.

“గులకరాయి మీద నిలవడ్డట్టుంటాంది,” అంది భర్తతో. “కాలు దులుపుకుంట, ఏం లేదు. మళ్ళ అడుగు వెడితె మళ్ళ ఉంటది.”

“ముల్లు విరిగింది,” అన్నాడు సత్తయ్య, కాలు చూడకుండానే. అతనికి తెలిసిన కాలి నొప్పి అదొక్కటే.

మూడు రోజులు జిల్లేడు పాలు పోశారు. ముల్లు పైకి తేలలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, అందరూ సద్దులు విప్పుకునే వేళ, గుంపంతా చూస్తుండగా సత్తయ్య సూది తీశాడు. అరగంట తవ్వాడు. నెత్తురొచ్చింది కానీ ముల్లు రాలేదు. దుర్గాబాయి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

తోటకు నీళ్ళు కట్టే భిక్షం నోరు ఊరుకునే రకం కాదు. “ఏంది సత్తన్నా, పరాయోళ్ళ కాళ్ళల్లనైతె రెండు నిమిషాలకు తీస్తవు. ఇంటామె కాలు కాడికి వచ్చేసరికి చెయ్యి వణుకుతాందా?” అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. అందులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు.

సత్తయ్య చెవులు మాత్రం వేడెక్కాయి. ఆ పొద్దునే సోమయ్య అనే పక్క చేను మనిషి కాల్లోంచి తీసిన తుమ్మముల్లు మొన తన తువ్వాలకు గుచ్చుకుని ఉంది. నెత్తురు తుడుచుకుంటున్నట్టు తువ్వాల అందుకున్నాడు. మళ్ళీ కాలు మీదికి వంగాడు. కాసేపాగి అరచెయ్యి చాపాడు.

“ఇగో, వచ్చింది.”

అందరూ తొంగి చూశారు. దుర్గాబాయి కూడా చూసింది. మొహాన చెమట తుడుచుకుని, “ఇగ పానం నిమ్మలమైంది,” అంది. భిక్షం నవ్వుతూ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సత్తయ్య ఆ ముల్లును దూరంగా విసిరేసి చేతులు కడుక్కున్నాడు.

ఆ రోజు నుంచి ఆమె నొప్పి మాట ఎత్తలేదు. మొదటివారం సత్తయ్యకు మనసులో పీకుతూనే ఉంది. కుంటుతూ కనిపిస్తే నిజం చెప్పేద్దామనుకున్నాడు. ఆమె కుంటలేదు. నెల తిరిగేసరికి, తవ్విన నెత్తుటితో పాటు అసలు ముల్లు కూడా పోయిందేమోలే అనుకున్నాడు. ఆరు నెలలకు ఆ మాట పూర్తిగా నమ్మాడు. మనిషి తనకు పనికొచ్చే అబద్ధాన్ని ఎంత తొందరగా నమ్ముతాడో చూస్తే భయం వేస్తుంది.

చూడదలుచుకుంటే గుర్తులు లేకపోలేదు. గట్టు దిగేటప్పుడు ఆమె కుడికాలిని పక్కకు వాల్చి, అంచు మీద దిగేది. ఇంటికొచ్చాక బకెట్లో చల్లనీళ్ళు పోసి, కాలు అందులో పెట్టుకుని బియ్యం ఏరేది. ఎందుకని అడిగితే, “ఎండకు అరికాలు మంట” అనేది. చలికాలంలో ఎండేమిటని సత్తయ్య అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అతనికి లోలోపల తెలుసు.

అలా రెండేళ్ళు గడిచాయి. తొంభై ఎనిమిది డిసెంబరులో, కత్తెర పని జోరు మీద ఉండగా, ఒక పొద్దున దుర్గాబాయి మంచం దిగి కాలు కింద పెట్టి అక్కడే కూలబడింది. పాదం పైభాగం వాచి ఉంది. బయట గుంపు ఎదురుచూస్తోంది. గోడ పట్టుకుని లేచి కత్తెర అందుకోబోయి, రెండో అడుగుకు మళ్ళీ పడింది. అప్పుడైనా ఆమె నోట నొప్పి అన్న మాట రాలేదు.

“తిమ్మిరి వట్టింది. ఆళ్ళను నడువుమను, ఎనుక నేనస్త,” అంది.

సత్తయ్య వినలేదు. ఏడు సీట్ల ఆటో పిలిపించి మేడ్చల్ తీసుకుపోయాడు. బస్టాండు దగ్గర నాగమణి అనే ఎముకల డాక్టరు దవాఖానా ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన మనిషి ఆమె. దుర్గాబాయి కాలు చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలు వెనకా నొక్కుతూ పోయింది. రెండో వేలి వెనక నొక్కగానే దుర్గాబాయి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

“ఇక్కడ ఈ మచ్చలేంటమ్మా? ఎవరు పొడిచారు?”

“ముల్లు తీసిండు మా ఇంటాయన. రెండేండ్లాయె. కండ్లార సూసిన,” అంది దుర్గాబాయి. ఆ బాధలో కూడా గొంతులో కొంచెం గర్వం వినిపించింది.

డాక్టరు సత్తయ్య వైపు చూసింది. సత్తయ్య గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

ఎక్స్‌రే వచ్చాక డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూపించింది. “రెండో వేలి వెనక ఎముకలో సన్నటి చీలిక ఉంది. దెబ్బ తగిలి వచ్చింది కాదు, పదే పదే బరువు పడి వచ్చింది. చీలిక ఈమధ్యదే, నొప్పి మాత్రం ఎప్పట్నుంచో ఉండి ఉంటుంది. ఈ చోట నొప్పి రావడానికి సవాలక్ష కారణాలు. ఇరుకు చెప్పులేసుకున్నా వస్తుంది, ఒళ్ళు బరువెక్కినా వస్తుంది, షుగరున్నా కీళ్ళవాతమున్నా వస్తుంది. నీకవేమీ లేవు. బొటనవేలికంటే పక్కవేలు పొడుగుంది, దానివల్ల కొంత. మిగతాది ఎందుకో తెలియాలి. ఏం పని చేస్తావమ్మా?”

“అంగూర్ తోటల కత్తెర పని. పందిరి ఎత్తుంటదమ్మా, మునివేళ్ళ మీద లేవాలె.”

“రోజంతానా?”

“రోజంత. పెండ్లై వచ్చినకాడి సంది. పదారేండ్లాయె.”

డాక్టరు కలం కింద పెట్టింది. “ఎత్తు మడమల చెప్పులు వేసుకునేవాళ్ళకి వచ్చే నొప్పమ్మా ఇది. నువ్వు చెప్పులే లేకుండా పదహారేళ్ళు ఆ ఎత్తు మీద నిలబడ్డావు. మడమ మోయాల్సిన బరువు కూడా ఈ సన్న ఎముకలే మోశాయి. ఆ పందిరి అంత ఎత్తున ఎవరు కట్టారు?”

“నేనే,” అన్నాడు సత్తయ్య.

ఆ పందిరి కట్టిన రోజు అతనికి కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. పాతికేళ్ళ వయసు. రాతి కడీలు పాతి, వాటి మధ్య తీగ లాగాలి. ఎంత ఎత్తులో అని పటేల్ తండ్రి అడిగితే, సత్తయ్య చెయ్యి నిటారుగా ఎత్తి, పిడికిలి ఎక్కడికి వచ్చిందో అక్కడ బొగ్గుతో గీత గీశాడు. కిందనుంచి ఎడ్లు పోవాలి, నాగలి పోవాలి, మగవాళ్ళు వంగకుండా తిరగాలి. అన్నీ ఆలోచించారు. ఆ పందిరి కింద కత్తెర పట్టేది ఆడవాళ్ళని అక్కడున్న ఏ ఒక్కడికీ తట్టలేదు. ఏడాది తిరక్కుండా దుర్గాబాయిని పెళ్ళి చేసుకుని తెచ్చి ఆ గీత కిందే నిలబెట్టాడు.

“ఆరు వారాలు ఈ కాలు మీద బరువు పడకూడదు,” అంది డాక్టరు, కట్టు కడుతూ. “తర్వాత మెత్తటి అడుగున్న ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకోవాలి. మునివేళ్ళ మీద లేచే పని ఇక కూడదు. మళ్ళీ అదే పని చేస్తే నడక పోతుంది, ముందే చెబుతున్నాను. ఈ రెండేళ్ళలో ఒక్కసారి వచ్చి నొప్పి అని ఉంటే ఎముక దాకా వచ్చేది కాదు కదమ్మా.”

దుర్గాబాయి తల వంచుకుంది.

బస్టాండులో రేకుల కింద బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టి, కట్టు కట్టిన కాలు తన సంచి మీద పెట్టించాడు సత్తయ్య. పక్కన కూర్చున్నాడు. డాక్టరు అన్న చివరి మాట అతన్ని కూర్చోనివ్వడం లేదు.

“దుర్గా, గా దినం నేను సూపెట్టిన ముల్లు నీ కాల్లది గాదు.”

“మరెవలది?”

“సోమయ్యది. పొద్దుగాల తీసింది, తువ్వాలకు ఉండె. నీ కాల్ల నాకేం దొరకలె.”

షామీర్‌పేట బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. బస్సు కదిలిపోయింది.

“నువ్వు తీసిన మర్నాడే మళ్ళ నొచ్చింది,” అంది దుర్గాబాయి. ఆమె అతని వైపు చూడటం లేదు. “గులకరాయి గట్లనే ఉండె. నువ్వు తీసినంక గూడ నొస్తాందంటె నీ చేతి పేరు పోతదని పండ్లు గీటుకోని పనికి వోయిన. ఎవలన్న అడిగితె మా ఆయన తీసిండు, ఇప్పుడు మంచిగున్నదని సెప్పిన. మా అక్క కాల్ల ముల్లు ఇరిగితె సుత నీ కాడికే తోలిచ్చిన.”

“తప్పయింది.”

“దొరకలేదని సెప్తె ఏమైతుండె? దవాఖానకు పోతుంటిమో, పోకపోతుంటిమో. గని నొస్తాందని సెప్పుకుంటనన్న ఉంటుంటి. గంతే గద నాకు కావల్సింది.”

సత్తయ్య రెండు చేతులూ మోకాళ్ళ నడుమ పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటిదాకా అతను భయపడింది ఆమె తిడుతుందని, ఏడుస్తుందని. ఆమె ఆ రెండూ చేయలేదు.

“కాలు సంగతి డాక్టరమ్మ సూసుకుంటది,” అంది. “గీ రెండేండ్ల సంగతి ఎవలు సూసుకుంటరు?”

ఊరి బస్సు వస్తే సత్తయ్య ఆమెను పట్టుకుని ఎక్కించాడు.

ఆ ఆరు వారాలూ ఇంట్లో అవసరమైన మాట తప్ప మరో మాట లేదు. సత్తయ్యే వండాడు, అంట్లు తోమాడు, ఆమెను స్నానానికి పట్టుకుని తీసుకుపోయాడు. ఆమె చెయ్యి అతని భుజం మీద వేసేది, కానీ బరువు వేసేది కాదు. గుంపుకు రాధమ్మ అనే ఆమె పెద్దయింది. పొద్దున్నే ఇంటి ముందు నుంచి వాళ్ళు మాట్లాడుకుంటూ పోతుంటే దుర్గాబాయి తలుపు దగ్గరగా వేసుకునేది. పదహారేళ్ళు ముందు సాలు నడిపిన మనిషికి ఇంట్లో కూర్చోవడమే పెద్ద శిక్ష. ఆ శిక్ష పడాల్సింది తనకు కదా అని సత్తయ్యకు ప్రతి పొద్దునా అనిపించేది.

ముల్లు విరిగినవాళ్ళు వస్తూనే ఉన్నారు. “నాతోని గాదు, దవాఖానకు పో” అని తిప్పి పంపేవాడు. సత్తయ్యకు చూపు తగ్గిందని ఒకడు, దేవుడికి మొక్కుకున్నాడని ఒకడు అనుకున్నారు. అతను ఏ మాటనూ కాదనలేదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. భార్య దగ్గర చెప్పడం ఒక ఎత్తు, పది మందిలో చెప్పడం ఇంకో ఎత్తు.

ఎండాకాలం వచ్చింది. పటేల్ షామీర్‌పేట దిక్కు ఇంకో రెండెకరాలలో కొత్త తోట పెట్టాడు. రాతి కడీలు లారీల్లో వచ్చి దిగాయి. పాతే పనికి మగవాళ్ళు, గుంతల మట్టి తీసే పనికి ఆడవాళ్ళు, రాధమ్మ గుంపు మొత్తం అక్కడే ఉంది. మొదటి కడీ పాతాక మధుసూదన్ రెడ్డి అన్నాడు, “సత్తయ్యా, గీత గియ్యి. పాత తోట లెక్కనే.”

సత్తయ్య బొగ్గు అందుకోలేదు. “పటేలా, జర ఆగుండ్రి. ఇంటామెను తోల్కొస్త,” అన్నాడు.

“ఆమె ఎందుకురా?”

“ఈపారి కొలత నాది గాదు, ఆమెది.”

భిక్షం పకపకా నవ్వాడు. “ఏంది సత్తన్నా, గంత కిందికి కడితె మనం కుప్పిగంతులేసుకుంట తిరగాల్నా?”

“మనం వంగుదం. ట్రాక్టరుకు సాళ్ళ నడుమ తొవ్వ ఇడుద్దం.” సత్తయ్య పటేల్ వైపు తిరిగాడు. గొంతు పెంచకపోయినా అక్కడున్న అందరికీ వినిపించింది. “పటేలా, పాపం నాదే. పాత పందిరి నా చెయ్యి ఎత్తున కట్టిన. ఆడోళ్ళు మునివేళ్ళ మీద నిలవడి కాళ్ళు పాడు చేసుకున్నరు. మా ఆమె కాల్ల ముల్లు లేకుండె. నాకు దొరకలె. దొరకలేదంటె నా పేరు పోతదని సోమయ్య కాల్ల ముల్లు సూపెట్టి, ఇగో వచ్చిందన్న. గందరి ముంగట. మీరంత సూసిండ్రు.”

ఎవరూ నవ్వలేదు. భిక్షం తల దించుకుని చేతిలో పార వైపు చూసుకున్నాడు. ఆడవాళ్ళలో ఒకామె, తర్వాత ఇంకొకామె, తమ అరికాళ్ళ వైపు చూసుకున్నారు. “నాకు సుత గట్లనే ఉంటదక్కా, ఎడమకాలుకు,” అంది ఒకామె రాధమ్మతో, మెల్లగా. మధుసూదన్ రెడ్డి కాసేపు గడ్డం గోక్కుని, “సరే, తోల్కరా పో,” అన్నాడు.

దుర్గాబాయి కొత్త చెప్పులతో, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. సత్తయ్య ఏం చెప్పాడో, అతనితో పాటు పోయిన భిక్షమే ఆమెకు దారిలో చెప్పాడు. ఆమె మొహంలో ఏమీ తెలియలేదు. కడీ పక్కన చెప్పులు విడిచి నిలబడింది.

“గుత్తి కత్తిరించేటప్పటి లెక్కన చెయ్యెత్తు,” అన్నాడు సత్తయ్య.

ఆమె చెయ్యెత్తింది. చెయ్యితో పాటు మడమలు లేచాయి.

“మడిమె కింద వెట్టి ఎత్తు.”

కింద పెట్టింది, మళ్ళీ ఎత్తింది. మళ్ళీ మడమలు లేచాయి. ఆమె కూడా కిందికి చూసుకుంది, తన కాళ్ళు తన మాట వినకపోవడం అప్పుడే చూసినదానిలా. మూడోసారి పళ్ళ బిగువున ప్రయత్నించింది. ఎడమ మడమ నిలిచింది, కుడిది లేచింది.

సత్తయ్య ఆమె ముందు మట్టిలో గొంతుక్కూర్చున్నాడు. రెండు అరచేతులూ ఆమె రెండు పాదాల మీద పెట్టి నేలకు అదిమాడు. అతని చేతుల కింద ఆ పాదాలు పైకి లేవబోతూ వణుకుతున్నాయి. పదహారేళ్ళు అవి ఎంత లేచాయో అతనికి అప్పుడు తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

“గట్టిగ అదమకు,” అంది దుర్గాబాయి, గుంపులో అందరూ వింటుండగా. “నొస్తాంది.”

సత్తయ్య పట్టు సడలించాడు కానీ చేతులు తీయలేదు. ఆమె చెయ్యెత్తింది. భిక్షం వచ్చి ఆ చెయ్యి దగ్గర బొగ్గుతో గీత గీశాడు.